అత్తయ్య ముక్కు, మూడు లెన్సులు

మా ఆయన ఫొటోగ్రాఫరు. ఆయన్ని కన్నతల్లి మాత్రం ఫొటో కావలసి వస్తే వీధి దాటి ఎదురు స్టూడియోకి వెళ్తుంది.

మా వీధిలో పాలప్యాకెట్లు వేసే మనిషి దగ్గర్నుంచి అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచిపెట్టి లాభం లేదు. బస్సు పాసుకి అక్కడే దిగింది, బ్యాంకు కాగితాలకి అక్కడే దిగింది, కళ్లాసుపత్రి కార్డుకి కూడా అక్కడే. పోనీ వెనక సందులోంచి వెళ్లొచ్చు కదా? ఊహూ. ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, మా కౌంటరు ముందునుంచే, కొడుకు కళ్లెదుటే తలెత్తుకుని వెళ్తుంది. తిరిగొచ్చాక కవరు నా చేతికిచ్చి, "బాగా తీశాడమ్మాయ్, ఓపికున్న మనిషి," అంటుంది. ఓపిక లేని మనిషెవరో చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా.

అంతవరకూ భరించాం. పోయిన నెల ఎదురాయన తన షోకేసు మార్చాడు. పాత ఫొటోలన్నీ తీసేసి, మధ్యలో ఒకే ఒక్కటి, పెద్ద సైజులో, మా అత్తయ్యది పెట్టాడు. ఇక చూడండి నా తిప్పలు. మా ఆయన పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి ఎదురుగా అద్దంలోంచి తల్లి చూస్తూ ఉంటుంది. షట్టరు దించేటప్పుడూ చూస్తూనే ఉంటుంది. మూడు రోజులకే మనిషి సగమయ్యాడు. నాలుగో రోజు అటు చూడకూడదని వీధికి వీపు పెట్టి షట్టరు దించబోయి నడుం పట్టించుకున్నాడు.

నడుముకి మందు రాస్తూ నేనే అన్నాను. "పోనీ వెళ్లి తీసెయ్యమని అడగండి."

"ఎలా అడుగుతానే? ఫొటో బాగుంది," అన్నాడు బోర్లా పడుకునే.

అదీ మా ఆయన. కడుపులో ఎంత మంట ఉన్నా బాగున్న ఫొటోని బాగాలేదనడం చేతకాదు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. పాస్‌పోర్టు ఫొటోలు, ఉద్యోగం కార్డుల ఫొటోలు, ఏడాది నిండిన పాపాయిలు, రిటైరవుతున్న గుమాస్తాలు. ఎవరొచ్చినా స్టూలు మీద కూర్చోబెట్టి, "కొంచెం ఎడమకి. కొంచెం పైకి. అంత కాదు, కొంచెం. ఇప్పుడు కొంచెం నవ్వండి," అంటాడు. అందుకే వీధిలో ఆయన్ని "కొంచెం గారు" అంటారు. ఎదుటపడే అంటారు, ఆయనేమీ అనుకోడు. ఈ రోగం స్టూడియోలో ఆగితే నాకు బాధ లేదు. నేను టీ పోస్తుంటే, గ్లాసు కొంచెం ఇటు అంటాడు. పళ్ల డాక్టరుకి, లైటు కొంచెం దించండని చెప్పాడు. మా పెళ్లి ఫొటోల్లో సగానికి పైగా ఆయన నోరు తెరుచుకునే ఉంటుంది, అవతల తీస్తున్న మనిషికి సలహాలిస్తూ.

ఇంతమందిని కొంచెం కొంచెం తిప్పి బాగుచేసిన మనిషి, తల్లిని మాత్రం మొదటి ఫొటోలోనే పాడుచేశాడు. అది ఇరవై ఆరేళ్ల కిందటి మాట.

అప్పటికి నేను కాపురానికొచ్చి నాలుగు నెలలు. అంతకుముందు నాలుగేళ్లు ఎవరి స్టూడియోలోనో మనుషుల్ని సర్ది కూర్చోబెట్టడమే ఈయన పని, కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఇంటి ముందు గదిలో సొంత స్టూడియో తెరుస్తున్నాం. ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి కొన్నాడు, దానికి ఒకే లెన్సు. కొండలూ మైదానాలూ తీసే లెన్సు అది, ఎంత వెడల్పున్నా పట్టేస్తుంది. దానితో మనిషి ముఖం తీయాలంటే మూరెడు దూరంలోకి వెళ్లాలి. ఈయన వెళ్లాడు. "అమ్మా, కదలకు," అని ముక్కుకి ఆనించినంత పని చేసి తీశాడు. మా అత్తయ్యది అసలే తీరైన, పొడుగైన ముక్కు. ఆ లెన్సులోంచి అది ముఖమంతా ఆక్రమించి, ఫ్రేము దాటి వీధిలోకి వచ్చేలా తయారైంది. చెవులు ఎక్కడో వెనక పక్కింట్లో ఉన్నట్టున్నాయి. అది చూసైనా ఆగొచ్చు కదా! కన్నతల్లి ఫొటో, మొదటి ఫొటో అన్న మురిపెంలో ఈయనకి ముక్కు కనపడనే లేదు. తలుపంత సైజు చేయించి, షోకేసులో పెట్టి, గుడ్డ కప్పి, వీధి వీధంతా పిలిచి, అత్తయ్య చేతే గుడ్డ లాగించాడు.

ముందు అందరూ ఫొటో వంకా అత్తయ్య వంకా మార్చి మార్చి చూశారు. తర్వాత టైలరు గారి భార్యకి నవ్వొచ్చింది. ఒకరికి నవ్వొస్తే మిగతావాళ్లు ఆగుతారా? అత్తయ్యకి తల కొట్టేసినట్టయింది. లోపలికెళ్లిపోయింది.

మా స్టూడియో గదికీ అత్తయ్య గదికీ మధ్య ఒక తలుపుంది. ఆ సాయంత్రం ఆవిడ తన ఇనప బీరువాని ఒక్కతే ఈడ్చుకొచ్చి ఆ తలుపుకి అడ్డం పెట్టింది. మర్నాడు షోకేసులో ఫొటో లేదు. పొయ్యిలో పెట్టేసిందని మేమిద్దరం అనుకున్నాం, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత తల్లీకొడుకులు మామూలుగానే మాట్లాడుకున్నారు. అన్నం తిన్నావా, మందేసుకున్నావా, అన్నీ ఉన్నాయి. కానీ ఆ బీరువా జరగలేదు, ఆవిడ ఆయన కెమెరా ముందు కూర్చోలేదు.

నడుం కాస్త సర్దుకోగానే మా ఆయన లెన్సుల షాపుకి వెళ్లి, మూడు లెన్సులు అడిగి తెచ్చుకున్నాడు. షాపాయన పాత పరిచయం. నాలుగు రోజులు వాడి చూసుకుని ఒకటి ఉంచుకోమన్నాడు, రెండు తిరిగివ్వమన్నాడు. వాటిని టేబులు మీద వరసగా పెట్టి మా ఆయన నాకు పరిచయం చేశాడు. పొట్టిది యాభై మిల్లీమీటర్లు, మధ్యది ఎనభై ఐదు, పొడుగుది నూట ముప్పై ఐదు. నేను తలాడించాను, సంబంధానికొచ్చిన వాళ్లని చూసినట్టు.

"అప్పుడు నాకు తెలీదు," అన్నాడు. "ముక్కుని పెంచింది లెన్సు కాదే. నేను నిలబడ్డ దూరం. మరీ దగ్గరికెళ్తే కెమెరాకి ముక్కు దగ్గరైపోతుంది, చెవులు దూరమైపోతాయి. వెనక్కి జరిగి నిలబడితే అన్నీ ఒద్దికగా కూర్చుంటాయి. అంత దూరం నుంచి కూడా మనిషి నిండుగా కనపడాలంటే పొడుగు లెన్సు కావాలి. అంతే సంగతి. ఇరవై ఆరేళ్లు పట్టింది."

"అయితే తీసి చూపించండి."

"తీయనిస్తుందా? ఒకవేళ కూర్చున్నా ఒక్కసారే కూర్చుంటుంది. ఈసారి తప్పితే ఇక నా జన్మలో అమ్మ ఫొటో లేదు." నేను టీ పెట్టే నెపంతో లేచాను.

ఆ మర్నాటి నుంచి బలిపశువుని నేను. కౌంటరు చూసుకోవాలి, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించాలి, మధ్యమధ్య వచ్చి స్టూలు మీద కూర్చుని ముక్కు ఇవ్వాలి. యాభైతో తీశాడు. కంప్యూటర్లో పెంచి, తెర మీద స్కేలు పెట్టి నా ముక్కు కొలిచాడు. నా ఇన్నేళ్ల జీవితంలో నా ముక్కు కొలిచిన మగాడు ఈయనొక్కడే.

"ఏమొచ్చింది?" అన్నాను, ఎంతైనా ఆడదాన్ని.

"వెంట్రుకవాసి ముందుకొచ్చింది."

"నాదా, ఫొటోలోదా?"

ఆయన స్కేలు పక్కన పెట్టి ఎనభై ఐదు తగిలించాడు. దాంతో తీసిన ముఖం చూసి నేనే ఒప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు నేనే కొత్తగా కనిపించాను. కళ్లు కళ్లల్లా ఉన్నాయి, వెనక గోడ మెత్తగా కరిగిపోయింది. కానీ మెడ దగ్గరే ఫొటో అయిపోయింది. ఆయనకి చేతులు కావాలి. "అమ్మంటే ముఖం ఒక్కటేనా? ఒళ్లో ఆ చేతులు పెట్టుకుని కూర్చుంటుంది చూడు, అదీ అమ్మంటే," అంటాడు. చేతులు రావాలంటే పన్నెండడుగులు వెనక్కి జరగాలి. గది మొత్తం పదడుగులు. వెనక్కి జరిగీ జరిగీ ఆ మూసిన తలుపుకి వీపు కొట్టుకుని ఆగాడు. మళ్లీ ప్రయత్నించి మళ్లీ కొట్టుకున్నాడు. అవతల బీరువా గణగణలాడింది.

"ఎవరది?" అంది అత్తయ్య లోపల్నుంచి.

"నేనేనమ్మా. చోటు చాల్లేదు."

ఆయన తలుపు వంక ఒకసారి చూసి, లెన్సు విప్పి పెట్టెలో పెట్టేశాడు.

ఇక మిగిలింది పొడుగుది. దానికి కనీసం ఇరవై అడుగులు కావాలి. మా ఇంట్లో ఇరవై అడుగుల తిన్నని చోటు పెరట్లో బట్టలారేసే తీగ ఒక్కటే. అప్పుడొచ్చింది మా ఆయనకి ఒక ఆలోచన. ఆలోచన రాగానే ఆయన చెవులు ఎర్రబడతాయి, నాకు గుండె గుభేలుమంటుంది.

అత్తయ్య రోజూ నాలుగింటికి మా కౌంటరు పక్కన గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధి చూస్తుంది. ఆ టైముకి వెలుతురు పక్కనుంచి, మెత్తగా వస్తుంది. కుర్చీ నుంచి ఎదురు స్టూడియో మెట్లకి సరిగ్గా ఇరవై అడుగులు. రాత్రి టేపు పెట్టి కొలిచొచ్చాడు కూడా, దొంగ వెధవలా. "అక్కణ్నుంచి తీస్తే ఆవిడకి తెలీనే తెలీదు," అన్నాడు.

"ఎక్కణ్నుంచీ? ఎదురాయన మెట్ల మీద నుంచా? సిగ్గుందా మీకు?"

"లేదు," అన్నాడు.

మూడో రోజు నాలుగింటికి నా పని అత్తయ్యని మాటల్లో పెట్టడం. బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నాం. ఎదురుగా మా ఆయన బోర్డు చాటున నక్కాడు. ఎదురాయన మంచివాడండీ పాపం. మా ఆయన నడుం సంగతి విన్నాడేమో, లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు, టీ ఇచ్చాడు, ఎండ కొట్టకుండా ఒక అట్ట పట్టుకుని నిలబడ్డాడు. నాకు నవ్వాపుకోలేక బఠాణీలు నేలపాలవుతున్నాయి. అత్తయ్య తన చిన్నప్పుడు వాళ్ల నాన్న సైకిలు నేర్పిన కథ చెప్తోంది. చేతులు ఒళ్లో ఉన్నాయి, వెలుతురు చెంప మీద ఉంది, ముఖం వెలిగిపోతోంది. ఆయన కెమెరా ఎత్తాడు.

ఇంకెవరైనా అయితే నొక్కి ఊరుకునేవాళ్లు. ఈయన ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోనిచ్చిందా? వీధంతా మారుమోగేలా కేకేశాడు. "కొంచెం ఎడమకి!"

అత్తయ్య ఠక్కున ఎడమకి తిరిగింది. ఎవరు చెప్పినా తిరుగుతారు, ఆ మాటలో ఉన్న బలం అది. తర్వాత తెలిసింది ఆ గొంతెవరిదో. నెమ్మదిగా లేచి నిలబడింది. బఠాణీల పళ్లెం నా ఒళ్లో పెట్టింది. కొంప మునిగిందనుకున్నాను.

"ఒరేయ్! అక్కడేం చేస్తున్నావురా?"

"ఏం లేదమ్మా! టీ తాగుతున్నా!"

"టీ తాగడానికి అంత పొడుగు గొట్టం ఎందుకు?"

ఎదురాయన అట్ట వెనక దాక్కున్నాడు. టైలరు గారి భార్య మేడ మీదికొచ్చింది. ఎవరిదో వ్యాను మధ్యలో ఆగిపోయింది. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఇరవై అడుగుల దూరం కాబట్టి అరవక తప్పదు. ఇరవై ఆరేళ్లుగా ఇంట్లో గొంతు దించుకుని దాచుకున్నదంతా అరిచే చెప్పాడు.

"నువ్వు దగ్గరికి రానివ్వవు కదమ్మా! అందుకే ఇంత దూరం వచ్చా!"

"నేనెప్పుడు రావద్దన్నాను?"

"బీరువా అడ్డం పెట్టావుగా!"

"నువ్వు జరపమని ఒక్కనాడైనా అడిగావా? అక్కడ ఆయన చూడు, 'మీకెలా కావాలండీ' అని అడిగి తీస్తాడు నన్ను! నువ్వడిగావా? ఆ రోజైనా, ఆ తర్వాతైనా, తప్పయిపోయిందమ్మా అన్నావా?"

మా ఆయన నోరు తెరిచాడు. వ్యానతను హారను కొట్టాడు. "ఉండవయ్యా!" అని వీధి మొత్తం ఒక్కసారే కసిరింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. ఈసారి అరవలేదు. అంత దూరం నుంచి మాకు వినపడలేదు కానీ, పెదాలు కదలడం కనిపించింది. అత్తయ్య కుర్చీ మడిచి, లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ముగ్గురం గోడలు చూస్తూ తిన్నాం. ఆయన మూడు లెన్సులూ పెట్టెలో సర్దేశాడు. మర్నాడే ఆఖరి రోజు. "మూడూ ఇచ్చేసొస్తాలే," అన్నాడు. నాకు కోపం ఆగలేదు. తల్లి మీదా కొడుకు మీదా ఇద్దరి మీదా వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలీక గిన్నెల మీద చూపించాను.

పొద్దున్న ఏదో ఈడుస్తున్న చప్పుడికి వంటింట్లోంచి పరుగెత్తాను. అత్తయ్య తన చీరలన్నీ మంచం మీద గుట్టపోసి, కొంగు బిగించి, బీరువాతో కుస్తీ పడుతోంది.

"చూస్తావేం అమ్మాయ్? ఒక చెయ్యి వెయ్యి. ఇది పెట్టినప్పుడు ఒక్కదాన్నే పెట్టాను, ఇప్పుడు కదలట్లేదు దిక్కుమాలింది."

ఇద్దరం తోశాం. బీరువా కిర్రుమంటూ జరిగింది. దాని వెనక, తలుపుకి ఆనించి, పాత దుప్పటి చుట్టిన చట్రం ఒకటి ఉంది. దుప్పటి విప్పకముందే నాకు అర్థమైపోయింది. అంత ముక్కు ఇంకెవరికుంది?

"ఉంచారా అత్తయ్యా దీన్ని?"

"పొయ్యిలో పెడదామనే తెచ్చాను. చేతులు రాలేదు. నా కొడుకు తీసిన మొదటి ఫొటో కదే." కొంగుతో చట్రం మీది దుమ్ము తుడిచింది, ముక్కు దగ్గర కాసేపు ఎక్కువ తుడిచింది. తర్వాత గడియ తీసింది. తలుపు అటువైపు గదిలో మా ఆయన లెన్సుల పెట్టె చంకలో పెట్టుకుని బయల్దేరబోతున్నాడు.

"ఏరా, ఎన్నడుగులు కావాలి నీకు?" అంది.

నేనే చెప్పాను, "పన్నెండత్తయ్యా."

"ఇక్కడ నా మంచం పక్కన నిలబడమను, సరిపోతుందేమో. ఆ పొడుగుది మాత్రం వద్దు. వాడు ఎక్కడో వీధిలో ఉంటే నేనెవరితో మాట్లాడను?"

అలా తేలింది మా ఇంట్లో ఏ లెన్సు కొనాలో. ఆవిడ స్టూడియో గదిలో స్టూలు మీద కూర్చుంది. ఈయన ఆవిడ గదిలో, చీరల గుట్టకీ మంచానికీ మధ్య ఇరుక్కుని, ఎనభై ఐదు తగిలించుకుని నిలబడ్డాడు. నేను వెలుతురు కోసం తెల్లట్ట పట్టుకున్నాను.

"నీకెలా కావాలమ్మా?" అన్నాడు.

"నాలా కావాలి."

ఆయన కెమెరా కంటికి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఒకటి, రెండు నిమిషాలు. ఆవిడే విసుక్కుంది. "ఏరా, కొంచెం అనవేం?"

"ఏం అనాలమ్మా? అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ఆ మాటకి ఆవిడ ముఖం ఎలా అయిందో అదే ఫొటో. ముక్కు ముక్కంతే ఉంది, చెవులు ఇంటికి తిరిగొచ్చాయి, చేతులు ఒళ్లో ఉన్నాయి.

ఆ లెన్సు ఉంచుకున్నాం. ఇప్పుడు ఎవరొచ్చినా మా ఆయన అత్తయ్య గదిలోకి వెళ్లి, ఆవిడ మంచం పక్కన నిలబడే తీస్తాడు. ఆవిడ పడుకునే, "కొంచెం నవ్వమనరా ఆ అబ్బాయిని," అంటుంది.

కానీ అసలు సంగతి ఫొటో షోకేసులో పెట్టిన రోజుది. ఎదురాయన కూడా వచ్చి చూసి, మా ఆయన భుజం తట్టి, తన షోకేసులోది తీసేస్తానన్నాడు. అందరం బాగుంది బాగుందంటున్నాం. అత్తయ్య లోపలికెళ్లి, ఆ దుప్పటి చుట్టిన చట్రాన్ని మోసుకుంటూ వచ్చింది.

"దీన్నీ పక్కనే పెట్టు."

"అమ్మా, మళ్లీ నవ్వుతారే," అన్నాడు మా ఆయన.

"నవ్వనీ. ఇది పక్కన లేకపోతే, నా కొడుకు ఎంత నేర్చుకున్నాడో జనానికెలా తెలుస్తుంది?"

మా ఆయన రెండూ పక్కపక్కనే పెట్టాడు. తర్వాత షోకేసు అద్దం తుడుస్తానంటూ గుడ్డ తీసుకుని వీధిలోకెళ్లి, మాకు వీపు పెట్టి చాలాసేపు తుడిచాడు. ఆ అద్దాన్ని నేను పొద్దున్నే తుడిచాను.